రెండు కాళ్ళ చుక్కలు, నాలుగో రకం న్యూట్రినో

1999 జూన్ నెలలో నన్ను స్కానర్ గ్రేడ్-టూ నుంచి గ్రేడ్-వన్‌కు పెంచుతూ ఆర్డరు ఇచ్చారు. అదే కాగితంలో రెండో పేరాలో, కొత్తగా తాత్కాలిక పద్ధతి మీద తీసుకున్న సుంకమ్మ అనే ఆమెకు పని నేర్పవలసిందని రాసి ఉంది. మొదటి పేరా చూసి సంతోషపడ్డాను. రెండో పేరా వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ల్యాబు అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో, ఒకప్పుడు వేరుశనగ మూటలు నిల్వ చేసిన గోడౌనులో ఉండేది. దేశమంతా వెతికి ఇక్కడే ఎందుకు పెట్టారంటే, మేం వాడే ఫొటో ప్లేట్లకు తేమ పడదట. గాలిలో తడి లేని చోటు కావాలన్నారు. వాన కురవనందుకు మా జిల్లాను మెచ్చుకుని వచ్చిన సంస్థ నా ఎరుకలో అదొక్కటే. వచ్చాక తెలిసింది, మరీ ఎండినా ప్లేటు మీది పూత పెచ్చులు లేస్తుందని. అందుకని ప్లేట్ల గదికి కూలర్లు, కూలర్లకు రోజూ ఒక ట్యాంకరు నీళ్ళు. మా వీధికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. ప్లేటుగా పుట్టినా బాగుండేదని బిందె పట్టుకుని నిలబడినప్పుడల్లా అనుకునేదాన్ని.

స్కానరు అంటే ఇప్పటివాళ్ళకు కాగితం కాపీ తీసే యంత్రం. అప్పట్లో స్కానరు అంటే మనిషి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆడమనిషి. మొదట సైన్సు డిగ్రీలు చదివినవాళ్ళను పెట్టుకున్నారట. నెల తిరగకుండానే కళ్ళు మంటలు, నడుము నొప్పులు అని వెళ్ళిపోయారు. అప్పుడు ఎవరో పెద్దాయన, రోజంతా వంగి కూర్చుని ఒకేలాంటి వాటిలో వేరేదాన్ని పట్టేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారని అడిగితే, వేరుశనగ మిల్లులో గింజలు ఏరే ఆడవాళ్ళను చూపించారు. మిల్లులో మా పని అదే. కాయ వొలిచిన గింజలు కుప్ప పోస్తారు. అందులో బూజు గింజ, పుచ్చు గింజ, మట్టిబెడ్డ ఏరిపారెయ్యాలి. అలా ఎనిమిదో తరగతి చదివిన నేను 1990లో మిల్లు గుమ్మం దిగి అణువుల గుమ్మం ఎక్కాను.

పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి. విదేశంలో ఒక పెద్ద యంత్రం నుంచి న్యూట్రినోలు అనే కణాలను ధారగా వదులుతారు. వాటికి అడ్డంగా, ఫొటో ఫిల్ముకు వేసేలాంటి పూతను దళసరిగా పట్టించిన గాజు ప్లేట్లు దొంతరలుగా పేరుస్తారు. న్యూట్రినో దేన్నీ పట్టించుకోదు. కొండల్లోంచి, గోడల్లోంచి, మనలోంచి దూరిపోతుంది. లెక్కలేనన్నింటిలో ఒక్కటి మాత్రం ఎక్కడో పూతలోని అణువును గుద్దుకుంటుంది. గుద్దుకున్న చోట నుంచి సన్నటి గీతలు చిమ్ముతాయి. ప్లేటును మందునీళ్ళలో కడిగాక ఆ గీతలు నల్లటి రేణువుల వరుసలుగా నిలుస్తాయి. ఆ గుర్తును మేం చుక్క అనేవాళ్ళం, గీతలను కాళ్ళు అనేవాళ్ళం. లోపలికి వచ్చిన గీత ఉండదు. బయటికి పోయినవే ఉంటాయి. తాళం వేసిన ఇంట్లోంచి నలుగురు నడిచి వచ్చినట్టు. అలాంటి ఇల్లు ప్లేటులో ఎక్కడుందో మైక్రోస్కోపులో వెతికి, అడ్డం కొలత, నిలువు కొలత, లోతు లాగ్ షీటులో రాయడం స్కానరు పని. ప్లేటు మీద నూనె బొట్టు వేసి, కటకాన్ని ఆ నూనెకు ఆనించి, మర పైకీ కిందికీ తిప్పుకుంటూ పోవాలి. అరచెయ్యంత ప్లేటుకు పది పన్నెండు రోజులు పట్టేది.

ప్రతి ప్లేటునూ ఇద్దరు చూడాలని నియమం. మొదటి టేబుల్ మీద నేను చూశాక, అదే ప్లేటు రెండో టేబులుకు పోతుంది. ఎవరి షీటు వాళ్ళది. శనివారం సాయంత్రం రెండు షీట్లూ ఓబులేసుకు ఇవ్వాలి. ఓబులేసుది పామిడి. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేవాడు. అతను రెండింటినీ కంప్యూటరులో పోల్చి, రెండింటిలో ఉన్న మొత్తం చుక్కల్లో నూటికి ఎన్ని కలిశాయో తీసేవాడు. దాన్ని మ్యాచ్ అనేవారు. ఎందుకు ఇద్దరు చూడాలో తొమ్మిదేళ్ళలో మాకు ఎవరూ చెప్పలేదు. ఒకామె కునుకు తీస్తే ఇంకొకామె షీటు పట్టిస్తుందని పెట్టారేమో అనుకున్నాం. సర్కారీ ఉద్యోగంలో నియమాలన్నీ నిద్ర గురించే అని మా నమ్మకం.

రెండో టేబుల్ మీదికి వచ్చిన సుంకమ్మది గుమ్మఘట్ట దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు చిన్న. మాట్లాడితే తెలుగులో కన్నడం కలుస్తుంది. నాలాగే మిల్లు నుంచి వచ్చింది. అయితే నేను మిల్లును వదిలేశాను, ఆమెను మిల్లే వదిలేసింది. పొట్టు దుమ్ముకు ఆయాసం పట్టుకుంది. మళ్ళీ ఆ దుమ్ములో కూర్చుంటే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు ఖండితంగా చెప్పాడట. కాబట్టి ఆమెకు ఈ ఉద్యోగం ఒక్కటే దారి. దానికి షరతు ఏమిటంటే, తాత్కాలిక స్కానరు ఏడాదిన్నర లోపల వరుసగా మూడు నెలలు మ్యాచ్ ఎనభై దాటించాలి. దాటితే పర్మినెంటు. దాటకపోతే ఇంటికి.

మొదటి మూడు నెలలు ఆమె మ్యాచ్ అరవై దగ్గరే తిరిగింది. నెల నెలా ఆ అంకెను నోటీసు బోర్డు మీద అంటించేవారు. పక్కనే నా పేరుకు ఎదురుగా అంకె ఉండేది కాదు. నేను కొలబద్దను కదా, కొలబద్దను ఎవరు కొలుస్తారు?

ఒకరోజు ఆమె షీటు తెప్పించుకుని నా షీటు పక్కన పెట్టాను. నేను రాసినవి దాదాపు అన్నీ ఆమె పట్టింది. వాటికి తోడు నేను రాయనివి బోలెడు రాసింది.

"ఇవేంటివి మే?" అన్నాను.

"అవీ చుక్కలే అక్కా. రెండు కాళ్ళవి. అడుగున గాజు పక్కన ఉండాయి."

"రెండు కాళ్ళది చుక్క గాదు, దుమ్ము. మూడు కాళ్ళు లేనిది రాయగూడదు. తొమ్మిదేండ్లుగా చూస్తాండా, నాకు తెలీదా?"

"నీకు తెలీకుండా ఏముంటాది లే అక్కా," అంది. ఆ మాటలో వెటకారం ఉందా అని ఆమె ముఖం చూశాను. లేదు. ఉంటే బాగుండేది.

అక్కడితో ఊరుకోలేదు. మిల్లులో మాకొక పద్ధతి ఉండేది. పక్కనున్న మనిషి కుప్ప తరగక వెనకబడితే, ఏరిన గింజలు ఒక దోసెడు ఆమె చేటలో పోసేవాళ్ళం. మేస్త్రీ వచ్చేసరికి ఇద్దరి కుప్పలూ సమానం. దాన్ని ఎవరూ దొంగతనం అనుకోలేదు. అలా పొయ్యనిదాన్నే మనిషి కాదనుకునేవాళ్ళం. ఆ పద్ధతినే ల్యాబుకు తెచ్చాను. ప్లేటు రెండో టేబులుకు పోయేటప్పుడు, నా షీటులోని కొలతలు ఒక చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. ఆమె ఆ కొలతల దగ్గరికి పోయి, చూసి, రాసుకునేది. తనకు కనిపించిన రెండు కాళ్ళవి దాటేసేది. మరుసటి నెల మ్యాచ్ తొంభై. ఆ తరువాత తొంభై ఎనిమిది. మధ్యలో ఒక నెల తొంభై తొమ్మిది వస్తే, ఒకటి రెండు తప్పులు వదిలిపెట్టమని నేనే చెప్పాను. మరీ నున్నగా ఉంటే మేస్త్రీకి అనుమానం వస్తుందని మిల్లులో నేర్చుకున్న ఇంకో పాఠం.

మా మేస్త్రీకి అనుమానం రాలేదు. మా డైరెక్టరు మూర్తిగారు. పెద్ద చదువు, మంచి గొంతు, ఇస్త్రీ చొక్కా. ఆ తొంభై ఎనిమిదిని అద్దం కట్టించి గోడకు తగిలించలేదన్న మాటే గానీ, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. విదేశం నుంచి ఉత్తరం వచ్చింది: మా స్కానర్ల మధ్య నూటికి ఎనభై కలవడమే గొప్ప, మీకు తొంభై ఎనిమిది ఎలా వస్తోంది? వాళ్ళు అడిగింది అనుమానంతో. ఈయన చదువుకున్నది అసూయగా. "కరవు సీమ కళ్ళండీ, ఇవి మబ్బుతునకను కూడా వదలవు," అని బదులు రాశానని మాకు చదివి వినిపించారు.

ఆ తొంభై ఎనిమిది మీద నిలబడే ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. న్యూట్రినోలు మూడు రకాలు. అక్కాచెల్లెళ్ళు ముగ్గురు అనుకోండి. దారిలో చీరలు మార్చుకుంటారు. బయలుదేరినప్పుడు పెద్దదిగా ఉన్నది చేరేసరికి చిన్నది కావచ్చు. అలా మారతాయని అప్పటికి గట్టిగా తేలింది. అయితే ప్రపంచంలో అక్కడక్కడా కొన్ని ప్రయోగాల లెక్కలు ఈ ముగ్గురితో సరిపోవడం లేదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అందుకని నాలుగో రకం ఒకటి ఉందేమో అన్నారు. మొదటి ముగ్గురైనా కోట్లలో ఒకసారి దేన్నైనా తాకుతారు. ఈ నాలుగోది ఎన్నడూ, దేన్నీ తాకదు. మిగతావి దీనిగా మారితే లెక్కలోంచి మాయమైనట్టే. దానికి స్టెరైల్ న్యూట్రినో అని పేరు. తెలుగులో వంధ్య అనవచ్చని ఓబులేసు చెప్పాడు. ఎవరితోనూ కలవనిదానికి కూడా పిల్లలు లేనిదాని పేరే పెట్టారంటే, పెట్టింది మగవాడే అయి ఉంటాడని సుంకమ్మ అంది.

మా ప్రయోగంలో యంత్రానికి దగ్గర పెట్టిన ప్లేట్లను ఆ దేశంవాళ్ళే చూసుకున్నారు. దూరంగా పెట్టినవి మాకు పంపారు. దగ్గర ప్లేట్లలో లెక్క సరిగ్గా వచ్చింది. మా ప్లేట్లలో వంద రావలసిన చోట డెబ్బై అయిదు. పావు వంతు లేవు. మూర్తిగారు ఒక నెల తలుపు వేసుకుని కూర్చున్నారు. తలుపు తీసేసరికి, ఆ పావు వంతు దారిలో నాలుగో రకంగా మారిపోయిందని తేలింది. స్కానర్లు చూడక వదిలేశారేమో అని ఎవరైనా అడిగితే తొంభై ఎనిమిది చూపించేవారు.

2001 ఫిబ్రవరిలో ల్యాబులో సభ పెట్టారు. జిల్లా అధికారులు వచ్చారు, విలేకరులు వచ్చారు. నన్నూ సుంకమ్మనూ వేదిక ఎక్కించి శాలువాలు కప్పారు. ఎండాకాలం ముంగిట ఉన్ని శాలువా. కూలర్లు ప్లేట్ల గదిలో ఉన్నాయి, మేము బయట ఉన్నాం. వచ్చిన అధికారుల్లో ఒకాయన, ఒకే ప్లేటును ఇద్దరు చూడడం దండగ కాదా అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన చల్లగా ఉండాలి. మూర్తిగారు బోర్డు దగ్గరికి పోయి విడమరచి చెప్పారు. ఇద్దరు వేర్వేరుగా చూడాలి. మొదటి మనిషికి దొరికినవి, రెండో మనిషికి దొరికినవి గుణించి, ఇద్దరికీ దొరికినవాటితో భాగిస్తే, అసలు ప్లేటులో ఎన్నున్నాయో వస్తుంది, ఎవరికీ దొరకనివాటితో సహా. "అయితే ఒకరు చూసింది రెండోవారికి తెలియకూడదు. తెలిస్తే ఈ లెక్క మొత్తం అబద్ధం," అన్నారు.

గుణకారం నాకు అంతగా ఎక్కదు గానీ, చేను ఎక్కుతుంది. కాయ పీకేశాక చేనులో మిగిలిన కాయలు ఏరడానికి నేను ముందు పోతాను. కనపడిన కాయ మీదల్లా సున్నం బొట్టు పెట్టి, అక్కడే వదిలేస్తాను. వెనక సుంకమ్మ వస్తుంది. ఆమెకు దొరికిన నాలుగింటిలో మూడింటికి బొట్టు ఉంటే, నేను చేనులో ముప్పాతికే చూశానని అర్థం. అలాకాక నేనే ఆమె చెయ్యి పట్టుకుని బొట్టు పెట్టిన కాయల దగ్గరికే నడిపిస్తే? ఆమె కొంగులో ప్రతి కాయకూ బొట్టు ఉంటుంది. చేనులో ఇంకేమీ మిగల్లేదని రైతు సంతోషంగా ఇంటికి పోతాడు. మా మూర్తిగారు అలా పోతున్నారు. శాలువా కింద చెమటలు పట్టాయి. అది ఎండవల్లనే అని పక్కనున్నవాళ్ళు అనుకున్నారు.

సభ అయ్యాక షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు సుంకమ్మను అడిగాను.

"మొదట్లో నువ్వు రాసిన రెండు కాళ్ళవి నిజంగా కనపడినాయా, అందాజుగా రాసినావా?"

"కనపడకుండా యాడ రాస్తానక్కా?"

"ఇప్పుడూ కనపడతాండాయా?"

"కనపడతాండాయి. నువ్వు దుమ్మంటివి కదా, దాటేసి పోతాండా."

"ఎన్ని ఉంటాయి?"

ఆమె కొంచెం ఆలోచించింది. "నువ్వు మూడు రాస్తే నాకు నాలుగు, ఇంచుమించు."

మూర్తిగారు నెలరోజులు తలుపు వేసుకుని వెతికిన పావు వంతు, రోడ్డు మీద, ఆటో రాకముందే దొరికింది.

సంగతి విడమరచి చెప్పాను. సుంకమ్మ శాలువా మడిచి చంకలో పెట్టుకుంది. ఆమె మూడు నెలలు ఎప్పుడో పూర్తయ్యాయి. పర్మినెంటు ఫైలు డైరెక్టరు గారి టేబుల్ మీద సంతకానికి ఉంది. "ఆ సంతకం పడినాక చెప్తే గాదా అక్కా?" అంది. సరే అని ఊరుకున్నాను.

తొమ్మిది రోజులు ఊరుకున్నాను. పదో రోజు ఓబులేసు హుషారుగా వచ్చి, నాలుగో రకం మీద పేపరు శుక్రవారం విదేశానికి పోతోందని చెప్పాడు. దాంతోనే అతని పీహెచ్‌డీ కూడా. మధ్యాహ్నం అన్నాల దగ్గర సుంకమ్మతో ఆ మాట అన్నాను. ఆమె ముద్ద కలుపుతూనే అంది: "పో అక్కా, చెప్పు. మిల్లులో పక్కదానికి దోసెడు పోస్తిమి గానీ, బూజు గింజను మూటలోకి ఎప్పుడన్నా పోనిస్తిమా?" ముద్ద మింగి, "నాకు ఏదో ఒకటి అయితాది లే," అంది. ఇంకో పని ఏదీ దొరకదని మాకిద్దరికీ తెలుసు.

మూర్తిగారి గదిలో నిలబడి చీటీల సంగతి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. నవ్వారు. అది కోపం కంటే కష్టంగా అనిపించింది.

"నారాయణమ్మా, నువ్వు మరీ వినయవంతురాలివి. రెండు జతల కళ్ళు తొంభై ఎనిమిది పాళ్ళు ఒకటే చెప్తుంటే తప్పు ఎలా అవుతుంది?"

"రెండు జతలు గాదు సార్. ఒక జతే. రెండోది నేను మూయించినా."

ఆయన నవ్వు ఆగింది. ఓబులేసును పిలిచారు. ఓబులేసు సంగతంతా విన్నాడు. "అక్కా, నా నాలుగేండ్లు!" అన్నాడు. అయినా ఫైలు తెచ్చాడు, అది అతని మంచితనం. అందులో 1999 నాటి సర్క్యులరు ఒకటి బయటపడింది. కొత్త ప్లేట్లలో రెండు కాళ్ళ చుక్కలను కూడా నమోదు చేయాలని, మూడు కాళ్ళ పాత నియమం ఇక చెల్లదని అందులో ఉందట. ఉందట అంటున్నాను, ఎందుకంటే అది ఇంగ్లీషులో ఉంది. కింద 'చదివి అర్థం చేసుకున్నాను' అనేచోట నా సంతకం, తెలుగులో.

"ఇది నీ సంతకమేనా?" అన్నారు మూర్తిగారు.

"సంతకం నాదే సార్. చదివింది మాత్రం నేను గాదు."

"మరి అడగాలి కదా?"

"అడిగేదానికి దాంట్లో ఏమో ఉండాదని తెలియల్ల కదా సార్."

ఆ శుక్రవారం పేపరు పోలేదు. రెండు టేబుళ్ళనూ వేర్వేరు గదుల్లో వేశారు. పాత ప్లేట్లలో కొన్నింటిని మళ్ళీ చూడమన్నారు. చీటీ లేదు, మాట లేదు, అన్నాలు కూడా వేర్వేరు వేళల్లో. నన్ను నా పాత అలవాటు ప్రకారమే, మూడు కాళ్ళ లెక్కనే చూడమన్నారు. సుంకమ్మను కనపడిందల్లా రాయమన్నారు. రెండు నెలలు పట్టింది. ఆమె ఎక్కువగా రాసిన ప్రతి చుక్కనూ మూర్తిగారు స్వయంగా పెద్ద కటకం కింద చూశారు. నేను చేరిన తరువాత ఆయన మైక్రోస్కోపు దగ్గర కూర్చోగా చూడడం అదే మొదలు. ఎన్నో రోజులు కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా మోచేతులకు నూనె మరకలు. అవి దుమ్ము కాదు. చుక్కలే.

లెక్క తేలింది. వంద రావలసిన చోట నాకు డెబ్బై అయిదు, ఆమెకు తొంభై మూడు, ఇద్దరికీ దొరికినవి డెబ్బై. గుణించి భాగిస్తే దగ్గర దగ్గర వంద. ఏ న్యూట్రినో ఎక్కడికీ పోలేదు. నాలుగో రకం, మా ప్లేట్లవరకూ, నేను కొట్టేయించిన రెండు కాళ్ళ చుక్క.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు, సుంకమ్మ తప్ప. ఎందుకంటే నెలాఖరుకు ఆఫీసు తన పని తాను చేసింది. మా ఆఫీసు సూపరింటెండెంటుకు న్యూట్రినోలతో పని లేదు. నియమం కావాలి. కొత్త షీట్ల ప్రకారం తాత్కాలిక స్కానరు మ్యాచ్ ఎనభై కంటే తక్కువ. పాత మూడు నెలల మ్యాచ్ చీటీలవల్ల చెల్లదు. ఏడాదిన్నర గడువు దాటింది. కాబట్టి ఒకటో తేదీ నుంచి సేవలు చాలు. మొత్తం ల్యాబులో సరిగ్గా చూసిన ఒకే ఒక్క మనిషిని, సరిగ్గా చూడని మనిషితో కలవలేదని ఇంటికి పంపే కాగితం అది. తప్పులు లేకుండా టైపు చేసి ఉంది.

ఆ కాగితం తీసుకుని సూపరింటెండెంటు దగ్గరికి పోయాను.

"మ్యాచ్ తక్కువ వచ్చింది అమ్మా, నేనేం చేస్తా?" అన్నాడు.

"ఎవరితో కలవక తక్కువ వచ్చింది సార్?"

"నీతో."

"నేను వంకర అని రెండు నెలలు కూర్చుని తేల్చినారు కదా. వంకర కట్టె పెట్టి గోడ కొలిచి, గోడను పడగొడతారా?"

"నియమం అట్లా ఉండాదమ్మా."

"అయితే నియమం తిప్పి పట్టు. ఆయమ్మ షీటు మొదటిది అనుకో, నాది రెండోది. నా మ్యాచ్ ఎంత వస్తాది చూడు. ఎనభై రాకుంటే నన్ను పంపీ."

అతను నిజంగానే లెక్క చూసుకున్నాడు. నియమం మీద అతనికి అంత భక్తి. ఎనభై రాలేదు. అయితే నేను పర్మినెంటు కాబట్టి నాకు ఆ నియమం వర్తించదని, ఉపశమనంగా చెప్పాడు. అంటే మా దగ్గర సరిగ్గా చూడవలసిన అవసరం ఉద్యోగం ఖాయం కానివాళ్ళకే.

అక్కడి నుంచి మూర్తిగారి దగ్గరికి పోయాను. ఈసారి నిలబడలేదు, కుర్చీలో కూర్చున్నాను. ఆమె షీటును నా షీటుతో కాకుండా, ఆయన కళ్ళతో చూసి నిర్ధారించిన జాబితాతో పోల్చమన్నాను. అలా పోలిస్తే తొంభై దాటుతుంది. అలా చేస్తే ముందు ముందు అందరినీ అలాగే పోల్చాలి కదా, ఎంత పని పెరుగుతుందో తెలుసా అన్నారు. పెరగనీండి సార్, మీకూ మైక్రోస్కోపు అలవాటవుతుంది అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసిందని ఇంటికి పోయాక అనిపించింది. కానీ సంతకం పెట్టారు. ఫైలు పైకి పోయి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ సుంకమ్మను నెల నెలా పొడిగిస్తూ పోయారు. ఆమె ప్రతి నెలా ముప్పయ్యో తేదీన డబ్బా సర్దుకునేది, ఒకటో తేదీన మళ్ళీ విప్పేది.

నాకు మెమో ఇచ్చారు. నియమాలకు విరుద్ధంగా కొలతలు పంచుకున్నందుకు సంజాయిషీ అడిగారు. పక్కదాని చేటలో దోసెడు పొయ్యడం మా అలవాటని రాశాను. అలవాట్లు సంజాయిషీ కావని బదులు వచ్చింది. ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. న్యాయమే. మూర్తిగారు విదేశంలో సభకు పోయి, తమ ల్యాబులో కనిపించిన లోటు నాలుగో రకం వల్ల కాదని, స్కానింగ్ పద్ధతిని మెరుగుపరచుకుని తామే కనుక్కున్నామని చెప్పారు. ఇంత నిజాయితీ అరుదని అక్కడివాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. తప్పు చేసినందుకు నాకు మెమో. అదే తప్పు ఒప్పుకున్నందుకు ఆయనకు చప్పట్లు. ఓబులేసు పీహెచ్‌డీ కూడా వచ్చింది, లోటు ఎందుకు లేదో అన్న అంశం మీదే. పేపరు చివర 'స్కానింగ్ బృందానికి కృతజ్ఞతలు' అని ఒక వాక్యం ఉందని, మా పేర్లు రాయడానికి చోటు చాలలేదని అతనే చెప్పాడు.

ఆర్డరు వచ్చాక సుంకమ్మ మొదటి టేబులుకు పోయింది. నేను రెండో టేబులుకు వచ్చాను. మూడు కాళ్ళ అలవాటు నాకు పూర్తిగా పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నోటీసు బోర్డు మీద నా అంకె కూడా పడింది. కొన్నేళ్ళకు కంప్యూటరు కెమెరాలు వచ్చి ప్లేట్లను అవే చూడసాగాయి. మమ్మల్ని ఆ కెమెరాలు వదిలేసినవి ఏరడానికి పెట్టారు. 2008లో నేను రిటైరయ్యాను.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది చిన్నదే. ఇద్దరు ఒకేమాట చెప్తే అది రెండు సాక్ష్యాలని అనుకుంటాం. ఎలా కలిశారో తెలియకపోతే అది ఒకటే సాక్ష్యం, ఒక్కోసారి ఒకటి కూడా కాదు. చిన్నవాళ్ళను పెద్దవాళ్ళతో కలిపి మార్కులు వేసే చోట కొత్తగా ఏదీ కనపడదు. కనపడినా రాయరు. నాలుగో రకం న్యూట్రినో కోసం ఇంకా వెతుకుతున్నారట. ఉండవచ్చు, లేకపోవచ్చు. అది నా చదువుకు మించిన సంగతి. ఎక్కడో లెక్కలో ఇన్ని తగ్గాయని పేపరులో చదివినప్పుడు మాత్రం నాకు తోచే ప్రశ్న ఒకటే. అక్కడ రెండో టేబుల్ మీద కూర్చున్నది ఎవరు, ఆమెతో ఏం కొట్టేయించారు?